నమూనా మనది, ఫలితం ఎవరిది?

జన్యు పరిశోధనల గురించి వార్తలు వచ్చినప్పుడు మనం శాస్త్రవేత్తల పేర్లు చదువుతాం, సంస్థ పేరు చదువుతాం. రక్తమో లాలాజలమో ఇచ్చిన మామూలు మనుషులు మాత్రం పట్టికలో ఒక్కో వరుసగా మిగిలిపోతారు. ఈ వ్యాసం వాళ్ల గురించి. నమూనా ఇచ్చే ప్రతి ఒక్కరికీ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. నా డీఎన్‌ఏ వివరాలు ఎవరెవరు చూస్తారు? అందులో నా ఆరోగ్యం గురించి ఏదైనా బయటపడితే, అది నాకు చెప్పాలా వద్దా?

నేను సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ ఎలక్టివ్ తీసుకున్నాను. ల్యాబ్‌లో మాకిచ్చే ఫైళ్లలో పేర్లుండవు, కోడ్ నంబర్లే ఉంటాయి. ఆ తర్వాత ఒక పరిశోధనకు నమూనా ఇస్తావా అని ఒక సీనియర్ అన్న నాకు అంగీకార పత్రం పంపాడు. చివరి పేజీలో ‘ఫలితాలు నాకు తెలియజేయాలి’ అని ఒక వాక్యం, దాని పక్కన అవును, కాదు అని రెండు గడులు. ఏ గడిలో టిక్ పెట్టాలో తెలుసుకోవడానికి చదవడం మొదలుపెట్టాను. చదివినదాన్ని ఇక్కడ పాఠంలా రాస్తున్నా. టెన్త్ అయ్యాక ఎంపీసీ తీసుకుని బయాలజీకి దండం పెట్టేసిన మిత్రులకు కూడా అర్థం కావాలనే ప్రయత్నం.

పేరు తీసేస్తే సరిపోతుందా?

మనిషి జీనోమ్‌ని సుమారు 300 కోట్ల అక్షరాల పుస్తకం అనుకోండి. అక్షరాలు నాలుగే. ఏ ఇద్దరి పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసినా దాదాపు అంతా ఒకటే. వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున తేడా ఉంటుంది. కానీ 300 కోట్లలో వెయ్యికి ఒకటి అంటే లక్షల్లోకి వస్తుంది. ఒక మనిషిని ప్రపంచంలో మిగతా అందరి నుంచి వేరు చేయడానికి అంత కూడా అక్కర్లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్లు 30 నుంచి 80 వరకు చూస్తే చాలని 2004లోనే లెక్కగట్టారు. మన డీబీఎంఎస్ భాషలో చెప్పాలంటే, పేరు కాలమ్ తీసేశాం సరే, మిగిలిన కాలమ్‌లన్నీ కలిసి ప్రైమరీ కీ అయి కూర్చున్నాయి.

2008లో ఇంకో సంగతి తేలింది. ఒక్కొక్కరి వివరాలు ఇవ్వకుండా, గుంపు మొత్తానికి సంబంధించిన సగటు లెక్కలు మాత్రమే బయటపెట్టారనుకుందాం. ఎవరిదైనా డీఎన్‌ఏ సమాచారం విడిగా మన చేతిలో ఉంటే, ఆ మనిషి ఆ గుంపులో ఉన్నాడో లేడో చెప్పవచ్చని ఒక బృందం చూపించింది. అది ఫలానా జబ్బున్నవాళ్ల గుంపు అయితే, గుంపులో ఉన్నాడని తెలియడం అంటే జబ్బు ఉందని తెలియడమే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ అలాంటి లెక్కలను అందరికీ కనిపించే చోటు నుంచి వెంటనే తీసేశాయి.

2013 జనవరిలో యానివ్ ఎర్లిక్ బృందం చేసిన పని మనకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మన ఇళ్లల్లో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. వై క్రోమోజోమ్ కూడా అలాగే తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అమెరికాలోనూ ఇంటిపేర్లది ఎక్కువగా ఇదే పద్ధతి. తమ వంశవృక్షం వెతుక్కునే అభిరుచి ఉన్నవాళ్లు వై క్రోమోజోమ్ వివరాలను, ఇంటిపేరును కలిపి నెట్‌లో పెట్టుకుంటారు. పేరు లేని పరిశోధన డేటాను ఎర్లిక్ బృందం వాటితో పోల్చి ఇంటిపేరు ఊహించింది. దానికి వయసు, రాష్ట్రం కలిపి నెట్‌లో వెతికింది. యూటా రాష్ట్రంలో నమూనాలిచ్చిన కుటుంబాల్లో దాదాపు 50 మంది ఎవరో తేలిపోయింది. ఎవరి సర్వర్‌లోకీ చొరబడలేదు. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారంతోనే ఇదంతా చేశారు. ఆ కుటుంబాలు రక్తం ఇచ్చింది 1980లలో. ‘మీ పేరు ఎక్కడా రాదు’ అని అప్పుడు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఇంటర్నెట్ ఇలా ఉంటుందని వాళ్లకు తెలిసే అవకాశమే లేదు.

2023లో జరిగింది మన బ్రాంచ్ వాళ్లకు బాగా ఎక్కుతుంది. ట్వంటీత్రీ అండ్ మీ అనే అమెరికా కంపెనీ ఇంటికి ట్యూబు పంపి, లాలాజలం తీసుకుని జన్యు పరీక్ష చేసేది. వేరే సైట్లలో వాడిన పాస్‌వర్డే అక్కడా పెట్టుకున్న సుమారు 14,000 ఖాతాలు దొంగల చేతికి చిక్కాయి. కానీ సమాచారం పోయింది సుమారు 69 లక్షల మందిది. ఎలాగంటే, ఆ సైట్లో డీఎన్‌ఏ ద్వారా బంధువులను వెతికిపెట్టే సౌకర్యం ఉంది. ఒక ఖాతా తెరిస్తే దాని బంధువులంతా కనిపిస్తారు. పాస్‌వర్డ్ పోగొట్టుకున్నది ఒకరైతే బయటపడింది వాళ్ల బంధుబలగం. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది. కంపెనీని కొనేవాళ్లకు మా డేటా కూడా వెళ్తుందా అని లక్షల మంది కంగారుపడ్డారు.

దాచలేమని ముందే చెప్పినవాళ్లు

ఇదంతా చూసి ‘అయితే ఎవరూ నమూనా ఇవ్వరు’ అనిపిస్తుంది. అలా జరగలేదు. హార్వర్డ్‌లో జార్జ్ చర్చ్ 2005లో పర్సనల్ జీనోమ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. ఆయన వలంటీర్లకు గోప్యత హామీ ఇవ్వలేదు. మీ జీనోమ్, మీ ఆరోగ్య వివరాలు అందరికీ కనిపించేలా పెడతాం, మిమ్మల్ని ఎవరైనా గుర్తుపట్టవచ్చు అని ముందే చెప్పేశారు. పైగా చేరాలంటే ఒక పరీక్ష రాయాలి. జన్యుశాస్త్రం గురించి, నష్టాల గురించి ప్రశ్నలు. నూటికి నూరు వస్తేనే ప్రవేశం. అయినా జనం ముందుకొచ్చారు.

ఇక్కడ నాకు నచ్చింది ఆ పరీక్ష. మనం యాప్ వేసుకునేటప్పుడు షరతులు చదవకుండానే ‘ఐ అగ్రీ’ నొక్కుతాం. అర్థమైందని రుజువు చేస్తేనే సంతకం తీసుకుంటామనడం దానికి పూర్తిగా ఎదురు పద్ధతి. 22 దేశాల్లో 36,000 మందికి పైగా అడిగి 2020లో ప్రచురించిన ఒక సర్వే కూడా ఇటువైపే చూపిస్తుంది. జన్యుశాస్త్రంతో పరిచయం ఉన్నవాళ్లే తమ డీఎన్‌ఏ సమాచారం ఇవ్వడానికి ఎక్కువ సుముఖంగా ఉన్నారు. విషయం తెలిస్తే జనం పారిపోతారని భయపడనక్కర్లేదన్నమాట.

చెప్పమంటారా, వద్దంటారా?

ఇప్పుడు రెండో ప్రశ్న. ‘నాది నాకు చెప్పడానికేం?’ అనడం తేలిక. హంటింగ్టన్ జబ్బు చరిత్ర చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. అది నరాలకు వచ్చే జబ్బు. ఎక్కువగా ముప్పైల్లో, నలభైల్లో మొదలవుతుంది. ఆపే మందు లేదు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సరిగ్గా సగం, బొమ్మా బొరుసూ లాగా. వెనెజువెలాలో మరకైబో సరస్సు ఒడ్డున ఉండే కుటుంబాలు ఏళ్ల తరబడి రక్తం ఇవ్వడం వల్లే ఆ జన్యువు దొరికింది. 1983లో అది నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని తెలిసింది. 1993లో జన్యువే చేతికి చిక్కింది. పరీక్ష రాకముందు సర్వేల్లో, వస్తే చేయించుకుంటాం అన్నవాళ్లే ఎక్కువ. తీరా వచ్చాక, జబ్బు వచ్చే అవకాశం ఉన్నవాళ్లలో చాలా దేశాల్లో ఐదోవంతు మంది కూడా ముందుకు రాలేదు. ఊరికే అడిగినప్పుడు చెప్పే జవాబు ఒకటి, కవరు చేతికిచ్చినప్పుడు చెప్పే జవాబు ఇంకొకటి.

జేమ్స్ వాట్సన్ కథ ఇంకా చిత్రం. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవారిలో ఒకరు. 2007లో ఆయన జీనోమ్ మొత్తం చదివి ఆయనకే అందజేశారు. అంతా ప్రపంచం ముందు పెట్టండి, ఒక్క ఏపీఓఈ జన్యువు మాత్రం వద్దు అన్నారాయన. నాకు కూడా చెప్పొద్దు అన్నారు. ఆ జన్యువులో ఒక రకం అల్జైమర్స్ ముప్పును పెంచుతుంది. వాళ్ల నాయనమ్మో అమ్మమ్మో ఒకావిడకు ఆ జబ్బు ఉండేది. సరేనని ఆ ఒక్క జన్యువు తీసేశారు. కానీ పక్కపక్కనున్న అక్షరాలు కలిసే వారసత్వంగా వస్తాయి కాబట్టి, చుట్టూ ఉన్నవి చూసి మధ్యలో ఖాళీని పూరించవచ్చని వేరే పరిశోధకులు గుర్తుచేశారు. చివరికి దాని చుట్టూ సుమారు 20 లక్షల అక్షరాల మేర తీసేయాల్సి వచ్చింది.

చెబితే మనుషులు కుంగిపోతారా? అదీ ఖాయంగా అనలేం. అమెరికాలో తల్లికో తండ్రికో అల్జైమర్స్ ఉన్న 162 మందితో ఒక అధ్యయనం చేసి 2009లో ప్రచురించారు. కొందరికి ఏపీఓఈ ఫలితం చెప్పారు, కొందరికి చెప్పలేదు. చెప్పినవాళ్లలో ఆందోళన, దిగులు చెప్పనివాళ్లకంటే పెద్దగా ఎక్కువ కాలేదు. అయితే వీళ్లంతా తెలుసుకుందామనే చేరినవాళ్లు, పైగా ఫలితం అర్థమయ్యేలా వివరించడానికి కౌన్సెలర్లు పక్కన ఉన్నారు. ఫోన్‌కు పీడీఎఫ్ పంపేసి ఊరుకోలేదు.

పరిశోధకుల వెనకడుగుకూ కారణాలున్నాయి. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్‌కు 5 లక్షల మంది నమూనాలిచ్చారు. ఎవరి జన్యు ఫలితం వాళ్లకు చెప్పబోమని అంగీకార పత్రంలోనే రాసుకున్నారు. పరిశోధన ల్యాబ్‌లో నమూనాలు తారుమారు కావచ్చు. ఒక మార్పు జబ్బు తెస్తుందో లేదో ఈ ఏడాది ఒకలా అనిపించి, ఇంకో నాలుగేళ్లకు వేరేలా తేలవచ్చు. చెబితే దానివెంట మళ్లీ పరీక్ష, డాక్టరు, కౌన్సెలింగ్, ఖర్చు వస్తాయి. మధ్యేమార్గంగా అమెరికాలో వైద్య జన్యుశాస్త్రజ్ఞుల సంఘం 2013లో 56 జన్యువుల జాబితా ఇచ్చింది. ఆస్పత్రిలో వేరే కారణంతో జీనోమ్ చదివినా వీటిలో ప్రమాదకరమైన మార్పు కనిపిస్తే చెప్పడం మంచిది, ఎందుకంటే ముందు తెలిస్తే చేయగలిగింది ఉంది అని వాళ్ల వాదన. ఆ జాబితా ఇప్పుడు 80 దాటింది. పరిశోధనలు నడిపేవాళ్లలోనూ కొందరు దాన్నే కొలతగా పెట్టుకున్నారు.

ఐస్‌లాండ్ దగ్గర ఆగుదాం

ఈ రెండు ప్రశ్నలూ ఒకచోట కలిసిన దేశం ఐస్‌లాండ్. జనాభా నాలుగు లక్షల లోపు. అక్కడి డీకోడ్ అనే సంస్థ దగ్గర దేశంలో చాలామంది డీఎన్‌ఏ వివరాలు, శతాబ్దాల వంశవృక్షాలు ఉన్నాయి. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో ఒక మార్పు అక్కడ వందమందిలో ఒకరికంటే కొంచెం తక్కువ మందికి ఉంటుంది. ఉన్న ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. ఎవరెవరికి ఉందో డీకోడ్ కనిపెట్టగలదు. నమూనా ఇవ్వనివాళ్లలో కూడా, బంధువులను బట్టి కొంతవరకు ఊహించగలదు. చెబితే ప్రాణాలు దక్కుతాయి, చెప్పడానికి అనుమతి ఇవ్వండి అని సంస్థ అధిపతి కారి స్టెఫాన్సన్ ఏళ్ల తరబడి అడిగారు. వాళ్లు పరిశోధనకు ఒప్పుకున్నారు కానీ ఫలితం వినడానికి ఒప్పుకోలేదు కదా అని అవతలివాళ్లు ఆపారు. చివరికి 2018లో ఒక వెబ్‌సైట్ తెరిచారు. తెలుసుకోవాలనుకున్నవాళ్లు తామే వచ్చి అడగాలి. వేల మంది అడిగారు. అడగనివాళ్ల తలుపు ఎవరూ తట్టలేదు.

మంచి పద్ధతే అనిపిస్తుంది. కానీ అడగాలని తెలియక మిగిలిపోయిన ఆడమనిషి సంగతేంటి? ఇది నన్ను చాలాసేపు వదల్లేదు. నమూనా తీసుకునే రోజే ఈ ప్రశ్న అడిగి ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదని నా అభిప్రాయం.

మన దగ్గరకొస్తే

హైదరాబాద్‌లోని సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ తదితరులు కలిసి 2009లో భారతీయుల జన్యు చరిత్ర మీద ఒక ప్రసిద్ధ పత్రం ప్రచురించారు. మన ప్రాంతపు వైశ్యుల నమూనాలు కూడా అందులో ఉన్నాయి. వంద తరాలకు పైగా బయటి పెళ్లిళ్లు చాలా తక్కువని డీఎన్‌ఏలోనే కనిపించింది. దీనికి ఆస్పత్రిలో ఉపయోగం ఉంది. ఆపరేషన్ ముందు కండరాలను వదులు చేయడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో గంటల తరబడి ఉంటుంది, అంతసేపూ వెంటిలేటర్ మీదే ఊపిరి. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. ముందే తెలిస్తే డాక్టర్లు వేరే మందు వాడతారు. పెద్ద విషయం చిన్న జాగ్రత్తతో పోతుంది.

ఇదే సమాచారం మరోచోట ‘వాళ్ల రక్తంలోనే లోపం’ అనే మాటగా మారే ప్రమాదమూ ఉంది. అందుకే ఇంకో లెక్క కూడా చెప్పాలి. 2017లో దక్షిణాసియాలో 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన ఛాయ ఫిన్లాండ్ వాళ్లకంటే బలంగా కనిపించింది. ఎవరి జాబితా వాళ్లకుంది. వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ లేదు.

గుంపు మొత్తానికి దెబ్బ తగిలితే ఎలా ఉంటుందో అమెరికాలో గ్రాండ్ కాన్యన్ దగ్గర ఉండే హవసుపాయ్ తెగ చూసింది. 1990 నుంచి వాళ్లు మధుమేహ పరిశోధన అనుకుని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి రక్తం ఇచ్చారు. అదే రక్తంతో స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి బంధువుల పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్నదాని మీద కూడా పనిచేశారని 2003లో తెలిసింది. మేం ఈ లోయలోనే పుట్టామన్నది వాళ్ల నమ్మకం. కోర్టుకెళ్లారు. 2010లో 7 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. డబ్బుతో పాటు మిగిలిన రక్త నమూనాలను కూడా వాళ్లు వెనక్కి తీసుకెళ్లారు.

మా ఇంట్లో ఏమన్నారంటే

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఫారం సంగతి భోజనాల దగ్గర చెప్పాను.

నాన్న వెంటనే, “రక్తం తీసుకున్నప్పుడు రిపోర్టు ఇవ్వాలి కదరా? ఇవ్వకపోతే వాళ్లకెందుకు ఇవ్వడం?” అన్నారు.

నాయనమ్మది వేరే లెక్క. “మందున్న జబ్బయితే చెప్పమను. మందు లేనిదైతే ఆ కాగితం వాళ్ల దగ్గరే ఉంచుకోమను. ఉన్న నాలుగు రోజులూ దాన్నే తలుచుకుంటూ కూర్చోవాలా?”

అక్క మాత్రం కోపంగా చూసింది. “నాకు సంబంధాలు చూస్తున్నారు. నీ దాంట్లో ఏదో ఉందంటే నాకూ ఉండొచ్చనేగా? సంతకం నీది, మాట పడేది నేనా?”

అమెరికా పుస్తకాల్లో జన్యు గోప్యత అనగానే ఇన్సూరెన్స్, ఉద్యోగం అని రాస్తారు. మా ఇంట్లో మొదట వచ్చిన మాట పెళ్లి. తోబుట్టువుల డీఎన్‌ఏ సగటున సగం ఒకటే. కాబట్టి అక్క అన్నది శాస్త్రం ప్రకారం కూడా నిజం. పరిశోధన బృందానికి మెయిల్ రాసి అడిగాను. చికిత్స ఉన్న జబ్బులవే చెప్తాం, అదీ రెండోసారి పరీక్ష చేశాక, డాక్టరు ద్వారా, నీకు ఒక్కడికే అని జవాబొచ్చింది. అది అక్కకు చూపించాను. “సరే, ఇవ్వు. కానీ ఏదైనా వస్తే నేను అడిగేదాకా నాకు చెప్పొద్దు” అంది. ఆ షరతు మీదే ‘అవును’ గడిలో టిక్ పెట్టాను. ఏదైనా వస్తే, అదీ అక్కకు కూడా పనికొచ్చేదైతే, నోరు మూసుకుని ఉండగలనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

చట్టం ఎంతవరకు?

అమెరికాలో 2008లో జీనా అనే చట్టం వచ్చింది. జన్యు సమాచారం చూసి ఉద్యోగం ఇవ్వకపోవడం, ఆరోగ్య బీమా నిరాకరించడం కుదరదు. కానీ జీవిత బీమాకు అది వర్తించదు. మన దేశంలో జన్యు వివక్ష కోసమే రాసిన ప్రత్యేక చట్టం లేదు. జన్యు సంబంధ జబ్బులకు బీమా వర్తించదని గంపగుత్తగా చెప్పడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు అంది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మరోవైపు, జీనోమ్ ఇండియా కింద 10,000 మంది జీనోమ్‌ల సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. మనవాళ్ల జబ్బులు మనవాళ్ల డేటాతోనే అర్థమవుతాయి కాబట్టి ఇలాంటివి ఇంకా రావాలి. రేపు ఆ డేటాను నడిపే సాఫ్ట్‌వేర్ రాసేది మనలోనే కొందరు.

సంతకానికి ముందు అడగాల్సినవి

ఎవరైనా మీకు ఇలాంటి ఫారం ఇస్తే ఈ ఆరు అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

1. నా నమూనా ఈ ఒక్క పరిశోధనకేనా, వేరే వాటికీ వాడతారా? వాడితే మళ్లీ అడుగుతారా?
2. డేటా అందరికీ కనిపిస్తుందా, అనుమతి తీసుకున్న పరిశోధకులకేనా? కంపెనీలకు ఇస్తారా?
3. ఏ రకం ఫలితాలు చెప్తారు? చికిత్స ఉన్నవేనా, అన్నీనా?
4. చెప్పేముందు రెండోసారి పరీక్ష చేస్తారా? వివరించడానికి ఎవరుంటారు? ఖర్చెవరిది?
5. తర్వాత మనసు మారితే తప్పుకోవచ్చా? అప్పటికే బయటికెళ్లిన డేటా సంగతేంటి?
6. నేను లేకపోతే నా ఫలితం ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు?

ఆరో ప్రశ్న చాలా ఫారాల్లో కనిపించదు. దానికి జవాబు ఇంట్లోవాళ్లతో మాట్లాడితేనే దొరుకుతుంది కాబట్టి, సంతకం పెట్టేముందు ఒక్కసారి ఇంటికి ఫోన్ చేయండి.